అడ్వైస్, అడ్వైజ్: రెండు ఇంగ్లీషు మాటల్ని పోల్చి నేర్చుకునే పద్ధతి

బెంగళూరు మారతహళ్లిలో మేముండే వీధిలో ఎటు చూసినా పీజీలే (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లు), వాటిలో తెలుగు పిల్లలు చాలామంది. హిందూపురంలో హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. సాయంత్రం ఆఫీసు క్యాబ్ దిగి నేరుగా మా హాల్లోకి వచ్చే పిల్లలున్నారు. ల్యాప్‌టాప్ బ్యాగ్ భుజం మీంచి దించకముందే ప్రశ్న: "మేడమ్, ఈ రెండు పదాలకీ తేడా ఏంటి?"

తేడా చెప్పడం పెద్ద పనేం కాదు. కానీ ఒక జత చెబితే ఆ ఒక్క జతే వస్తుంది, వారం తిరక్కుండా ఇంకో జత పట్టుకొస్తారు. అందుకని ఏ రెండు మాటలనైనా వాళ్లంతట వాళ్లే పోల్చుకునే పద్ధతి ఒకటి నేర్పుతుంటాను. అదే ఇక్కడ రాస్తున్నాను.

మామూలుగా అందరూ చేసేది ఫోన్లో రెండు మాటలూ కొట్టి తెలుగు అర్థం చూడటం. అడ్వైస్ అంటే సలహా, అడ్వైజ్ అంటే సలహా ఇవ్వడం. సరే, రెండూ సలహాయే అనుకుని మూసేస్తారు. అఫెక్ట్‌కి చూసినా ప్రభావం, ఎఫెక్ట్‌కి చూసినా ప్రభావం. అర్థం దగ్గర మొదలుపెడితే ఇలా మొదట్లోనే ఆగిపోతాం. నేను చెప్పే వరస వేరు. ముందు ఆ మాట వాక్యంలో ఏ పని చేస్తోందో చూడాలి, అంటే భాషాభాగం. తర్వాత దాని పక్కన ఏ మాట వచ్చి కూర్చుంటుందో చూడాలి. అర్థం ఆఖర్న. ఆ రెండూ సరిగ్గా చూసినవాళ్లకి అర్థం సగం దానంతటదే తేలిపోతుంది.

ఖాళీలో ఏం పడుతుంది?

నామవాచకం పేరును తెలుపుతుంది, క్రియ పనిని తెలుపుతుంది అని మనందరం బళ్లో చదువుకున్నాం. ఆ నిర్వచనం ఇక్కడ అక్కరకు రాదు. "సలహా ఇవ్వడం కూడా పనే కదా మేడమ్, మరి అడ్వైస్ వెర్బ్ ఎందుకు కాదు?" అని శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒకమ్మాయి అడిగింది. చాలా మంచి ప్రశ్న. నిర్వచనంతో దీనికి జవాబు దొరకదు, పరీక్ష పెట్టాల్సిందే.

ఆ పరీక్షకు నేను రెండు మాటలు వాడతాను: మనీ, టెల్. మనీ నౌన్ అని ఎవరికీ అనుమానం లేదు. టెల్ వెర్బ్ అనీ అనుమానం లేదు. మీ వాక్యంలో అనుమానం ఉన్న మాట తీసేసి, అక్కడ ఖాళీ పెట్టండి. "ఐ నీడ్ యువర్ ___." అక్కడ మనీ పెడితే వాక్యం నిలబడుతుంది, టెల్ పెడితే పడిపోతుంది. అంటే అది నౌన్ ఉండాల్సిన చోటు, అడ్వైస్ రావాలి. "ప్లీజ్ ___ మి." ఇక్కడ టెల్ నిలబడుతుంది, మనీ నిలబడదు. వెర్బ్ చోటు, అడ్వైజ్ రావాలి. ఆఫీసు మెయిల్స్ చివర కనిపించే "కైండ్లీ ___" ఖాళీలో కూడా టెల్ లాంటిదే పడుతుంది కాబట్టి అక్కడ రాయాల్సింది అడ్వైజ్, స్పెల్లింగ్‌లో ఎస్ ఉన్నది. సి పెట్టిన మెయిల్స్ రోజూ కనిపిస్తాయి, పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లవి కూడా.

మనీ వల్ల ఇంకో లాభం ఉంది. ఇంగ్లీషులో "ఎ మనీ" అనరు, మామూలు మాటల్లో "మనీస్" అనీ అనరు. అడ్వైస్ కూడా అచ్చం అలాంటిదే. లెక్కపెట్టే మాట కాదు. మనం ఒక సలహా, రెండు సలహాలు, బోలెడు సలహాలు అంటాం గనక "యాన్ అడ్వైస్", "మెనీ అడ్వైసెస్" అనేస్తాం. సమ్ అడ్వైస్ అనాలి, ఒకటే అని గట్టిగా చెప్పాలంటే ఎ పీస్ ఆఫ్ అడ్వైస్ అనాలి. బ్యాంకు ఉద్యోగంలో చేరిన అబ్బాయి ఒకడు దీనికి అడ్డం తిరిగాడు: "మా దగ్గర అడ్వైసెస్ అని రాస్తారు మేడమ్." వాడన్నదీ నిజమే. బ్యాంకు భాషలో అడ్వైస్ అంటే సలహా అన్న అర్థమే లేదు. డబ్బు జమ అయిందనో, పంపామనో తెలిపే కాగితం అది. పేమెంట్ అడ్వైస్, క్రెడిట్ అడ్వైస్ అంటారు. కాగితం కాబట్టి దాన్ని లెక్కపెట్టొచ్చు. ఒకే మాటకు రెండు అర్థాలుంటే, ఒక అర్థంలో లెక్కకు వచ్చేది ఇంకో అర్థంలో లెక్కకు రాకపోవచ్చు. మాటను పోల్చేటప్పుడు ఏ అర్థంలో పోలుస్తున్నామో కూడా తేల్చుకోవాలి.

చెవికి తెలియాలి

ఈ జతలో తేడా స్పెల్లింగ్‌లోనే కాదు, పలకడంలోనూ ఉంది. తెలుగులో జెడ్ శబ్దం లేదు, జ తో సరిపెట్టుకుంటాం. అందుకే మనలో చాలామందికి రెండు మాటలూ ఒకేలా వినిపిస్తాయి. గొంతు మీద రెండు వేళ్లు ఆనించి స్స్స్ అనండి. వేళ్లకు ఏమీ తెలియదు. నోరు అలాగే ఉంచి, నాలుక కదపకుండా, గొంతులోంచి శబ్దం కలపండి. తుమ్మెద రొదలా వేళ్ల కింద అదురుతుంది. అదే జెడ్. అడ్వైస్ చివర వేళ్లు అదరకూడదు, అడ్వైజ్ చివర అదరాలి.

ఇది ఒక్క జతకే పరిమితమైతే ఇంతసేపు చెప్పను. ఇంగ్లీషులో చాలా జతలు ఇలాగే నడుస్తాయి: నౌన్‌లో గొంతు అదరదు, వెర్బ్‌లో అదురుతుంది. యూస్ అని రాసే మాట నౌన్ అయితే చివర స్ ("ఇట్స్ నో యూస్"), వెర్బ్ అయితే జెడ్ ("ఐ యూజ్ ద మెట్రో"). స్పెల్లింగ్ మాత్రం ఒక్కటే. ఎక్స్‌క్యూస్ అంతే. హౌస్ అంతే. ఎఫ్, వి జతలూ ఇదే దారి: బిలీఫ్ నౌన్, బిలీవ్ వెర్బ్, ప్రూఫ్ నౌన్, ప్రూవ్ వెర్బ్, హాఫ్ (సగం) నౌన్, హావ్ (సగం చేయడం) వెర్బ్. దీనికి కారణం చాలా పాతది. పాత ఇంగ్లీషులో వెర్బ్‌కి చివర ఇంకో ప్రత్యయం ఉండేది. ఇల్లు హూస్ అయితే, ఇంట్లో ఉంచుకోవడం హూసియన్. స్ రెండు అచ్చుల మధ్య పడితే అదిరే శబ్దంగా మారేది. ఆ ప్రత్యయం కాలక్రమంలో రాలిపోయింది, అదురు మాత్రం మిగిలింది. అడ్వైస్ ఫ్రెంచి నుంచి వచ్చిన మాటే అయినా ఈ వరసలోనే కుదురుకుంది.

సి నౌన్‌కి, ఎస్ వెర్బ్‌కి అన్న లెక్క బ్రిటిష్ ఇంగ్లీషులో ఇంకో రెండు జతలకు వర్తిస్తుంది: ప్రాక్టీస్, లైసెన్స్. మీ పర్సులో డ్రైవింగ్ లైసెన్స్ ఉంటే తీసి చూడండి, దాని మీద చివర సి ఇ అని ఉంటుంది, ఎందుకంటే అక్కడది నౌన్. ఇక్కడ ఆఫీసుల్లో ఒక చిక్కుంది. అమెరికా క్లయింట్ అయితే ప్రాక్టీస్‌ని రెండు పనుల్లోనూ సి తోనే, లైసెన్స్‌ని రెండిట్లోనూ ఎస్ తోనే రాస్తారు. వాళ్లది తప్పు కాదు, వాళ్ల పద్ధతి అది. అడ్వైస్, అడ్వైజ్ మాత్రం అమెరికాలోనూ వేరువేరే.

శబ్దం మారకుండా ఒత్తు మారే జతలు కూడా ఉన్నాయి. రికార్డ్, ఆబ్జెక్ట్, ప్రాజెక్ట్: నౌన్ అయితే మొదటి భాగం మీద ఒత్తు, వెర్బ్ అయితే రెండో భాగం మీద. అన్నిటికీ కాదు. రిపోర్ట్, రిప్లై, కంట్రోల్ ఏ పని చేసినా ఒకేలా పలుకుతాయి.

"చేశాను" అంటే వెర్బ్ అయిపోదు

మన తెలుగులో ఒక సౌకర్యం ఉంది. ఏ ఇంగ్లీషు మాట తెచ్చినా పక్కన చేయి, అవు, ఇవ్వు, పడు తగిలిస్తే తెలుగు క్రియ అయిపోతుంది. ఫోన్ చేశాను, హెల్ప్ చేశాడు, అఫెక్ట్ అయింది, ఎఫెక్ట్ పడింది. మాట్లాడటానికి హాయిగా ఉంటుంది, నేనూ రోజంతా ఇలాగే మాట్లాడతాను. ఇంగ్లీషు రాసేటప్పుడు మాత్రం దీన్ని నమ్ముకోకూడదు.

కడప అబ్బాయి ఒకడు పీజీ ఓనర్‌కి మెసేజ్ రాసి పంపేముందు నాకు చూపించాడు. గీజర్ పనిచేయడం లేదని అప్పటికే చెప్పినా పట్టించుకోలేదు. "ఐ కంప్లైంటెడ్ మెనీ టైమ్స్" అని రాశాడు. "కంప్లైంట్ చేశాను అంటాం కదా మేడమ్, అందుకే వెర్బ్ అనుకున్నా" అన్నాడు. చూడండి, తెలుగులో చేశాను అనేదే క్రియ. కంప్లైంట్ అక్కడ కూడా నౌన్‌గానే కూర్చుంది. తెలుగు వాక్యంలో పని భారమంతా చేశాను మోస్తోంది, ఇంగ్లీషులో ఆ భారం మోసేది కంప్లైన్ అనే వేరే మాట, చివర టి లేనిది. "ఐ కంప్లైన్డ్ మెనీ టైమ్స్" అనాలి. కంప్లైంట్ వదలడం ఇష్టం లేకపోతే "ఐ మేడ్ మెనీ కంప్లైంట్స్" అనాలి, అప్పుడు మేడ్ మన చేశాను పని చేస్తుంది.

కన్నడంలో మాడు, తమిళంలో పణ్ణు, హిందీలో కర్నా ఇదే పని చేస్తాయి. అందుకే బెంగళూరు ఆఫీసులో ఇలాంటి తప్పు పక్క సీటువాళ్లు పట్టుకోరు. వాళ్ల భాషా వాళ్లని అదే దారిలో నడిపిస్తుంది. క్లయింట్ కాల్ దాకా అది అలాగే వెళ్లిపోతుంది. తెలుగులో మీరు చేశాను, అయింది తగిలించే ప్రతి ఇంగ్లీషు మాటనీ ఒకసారి మనీ, టెల్ పరీక్షకు పెట్టండి. ఈ ఒక్కటి చేస్తేనే చాలా తప్పులు పోతాయి.

పక్కన కూర్చునే మాట

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. డిక్షనరీలో అర్థం చూసేవాళ్లు దీన్ని అసలు చూడరు.

తెలుగులో విభక్తి లేకుండా నడవదు. నాకు సలహా ఇచ్చాడు. ట్రాఫిక్ మీద ప్రభావం పడింది. జీతం గురించి చర్చించాం. ఈ కు, మీద, గురించి ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు టు, ఆన్, అబౌట్ అయి మన వెంటే వస్తాయి. నౌన్ పక్కన అవి చక్కగా కుదురుతాయి: హిజ్ అడ్వైస్ టు మి, ద ఎఫెక్ట్ ఆన్ ట్రాఫిక్, అవర్ డిస్కషన్ అబౌట్ శాలరీ. వెర్బ్ దగ్గరికి వచ్చేసరికి ఎదురు తిరుగుతాయి. హి అడ్వైజ్డ్ మి. ద రెయిన్ అఫెక్టెడ్ ద ట్రాఫిక్. వి డిస్కస్డ్ శాలరీ. మధ్యలో ఏమీ రాదు. "అడ్వైజ్డ్ టు మి", "అఫెక్టెడ్ ఆన్", "డిస్కస్డ్ అబౌట్" మూడూ ఒకే జాతి తప్పులు. ఇంగ్లీషులో ఇలాంటి వెర్బ్ తన కర్మను నేరుగా పట్టుకుంటుంది, నౌన్ పట్టుకోలేదు, దానికి మధ్యలో ఒక చిన్న మాట ఆసరా కావాలి.

ఇది తెలిశాక ఎన్నో జతలు ఒక్కసారిగా తేలికవుతాయి. స్పెల్లింగ్ మారని మాటల్లో కూడా ఈ తేడా కనిపిస్తుంది. ఐ విజిటెడ్ హంపి, మై విజిట్ టు హంపి. ఐ రిక్వెస్టెడ్ లీవ్, మై రిక్వెస్ట్ ఫర్ లీవ్. షి ఆన్సర్డ్ ద క్వశ్చన్, హర్ ఆన్సర్ టు ద క్వశ్చన్. పెళ్లి మాటకొస్తే, హి మ్యారీడ్ హర్ అంటారు, విత్ అక్కర్లేదు. మ్యారేజ్ అయితే టు వస్తుంది.

అన్ని వెర్బులూ ఇంత సూటిగా ఉండవు. కంప్లైన్ అబౌట్, అప్లై ఫర్, డిపెండ్ ఆన్: వీటిలో వెర్బ్‌కి కూడా ఆసరా కావాలి. ఏది ఏ రకమో ఊహించి లాభం లేదు, చూసి రాసుకోవాలి.

రెండు మాటలూ ఒకే భాషాభాగమైతే? అప్పుడు మొదటి పరీక్ష ఏమీ తేల్చదు, తేడా అంతా పక్క మాటల్లోనే ఉంటుంది. అడ్వైజ్, సజెస్ట్ తీసుకోండి. రెండూ వెర్బులే. ఊరినుంచి కొత్తగా దిగిన ప్రతి పిల్లా పిల్లాడూ పెట్టే మెసేజ్ ఒకటుంది: "సజెస్ట్ మి ఎ గుడ్ పీజీ ఇన్ బెల్లందూర్." అడ్వైజ్ మనిషిని నేరుగా పట్టుకుంటుంది, తర్వాత టు తో పని చెబుతుంది: హి అడ్వైజ్డ్ మి టు టేక్ ద మెట్రో. సజెస్ట్ మనిషిని పట్టుకోదు, ఆలోచనను పట్టుకుంటుంది: హి సజెస్టెడ్ టేకింగ్ ద మెట్రో. లేదా హి సజెస్టెడ్ దట్ ఐ టేక్ ద మెట్రో. మనిషి పేరు తప్పదనుకుంటే టు మి అని పెట్టాలి. అందుకే పీజీ కావాలంటే "కెన్ యు సజెస్ట్ ఎ గుడ్ పీజీ?" అని అడగాలి, మి అక్కర్లేదు.

ఇక అర్థం

ఇక్కడిదాకా వచ్చాకే అర్థంలో తేడా నిజంగా కనిపిస్తుంది. అడ్వైజ్‌లో తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు చెప్పే బరువుంది. డాక్టర్ చెప్పేది, లాయర్ చెప్పేది అడ్వైజ్. రూమ్మేట్ "ఇలా చేస్తే ఎలా ఉంటుంది?" అనేది సజెస్ట్. కొత్తగా చేరినవాళ్లు మేనేజర్‌కి "ఐ అడ్వైజ్ యు టు చేంజ్ ద డిజైన్" అని రాస్తే వ్యాకరణం బాగానే ఉన్నా మాట పెద్దదైపోతుంది. "ఐ సజెస్ట్ వి చేంజ్ ద డిజైన్" అంటే సరిపోతుంది. అడ్వైజ్‌కి తెలియజేయు అన్న ఇంకో అర్థం కూడా ఉంది, అది ఆఫీసు భాష: వి విల్ అడ్వైజ్ యు ఆఫ్ ద డేట్. చూశారా, అర్థం మారగానే పక్క మాట కూడా మారింది, టు పోయి ఆఫ్ వచ్చింది.

అఫెక్ట్, ఎఫెక్ట్ జతకు వెర్బ్ ఎ తో, నౌన్ ఇ తో అని గుర్తుపెట్టుకుంటే నూటికి తొంభై పాళ్లు సరిపోతుంది. కానీ మిగిలిన కాస్తా ఆఫీసు కాగితాల్లోనే ఎదురవుతుంది గనక చెప్పి తీరాలి. ఇ తో మొదలయ్యే ఎఫెక్ట్ వెర్బ్‌గా కూడా ఉంది, అప్పుడు దాని అర్థం జరిపించు, అమలుచేయు. "ద పేమెంట్ వాజ్ ఎఫెక్టెడ్" అంటే చెల్లింపు జరిగింది. అదే ఎ తో రాస్తే చెల్లింపుకు ఏదో ఇబ్బంది వచ్చింది. మొదటి అక్షరం ఒక్కటి మారితే డబ్బు చేరిందా లేదా అన్నదే మారిపోతుంది. ప్రమోషన్ ఆర్డర్లలో కనిపించే "విత్ ఎఫెక్ట్ ఫ్రమ్ 1 ఏప్రిల్" లో ఉన్నది నౌనే. ఎ తో మొదలయ్యే అఫెక్ట్‌ని నౌన్‌గా వాడేది మానసిక శాస్త్రంలో, మనిషి ముఖంలోనూ మాటలోనూ కనిపించే భావాన్ని చెప్పడానికి. అప్పుడు ఒత్తు మొదటి భాగం మీదికి వస్తుంది. సైకాలజీ చదివేవాళ్లు తప్ప మిగతావాళ్లు దాని జోలికి వెళ్లక్కర్లేదు.

ఏ డిక్షనరీ, ఎలా రాసుకోవాలి

ఇంగ్లీషు నుంచి తెలుగుకు ఉన్న డిక్షనరీ ఇంట్లో ఉండటం మంచిదే. ఈ పోలికకు మాత్రం లెర్నర్స్ డిక్షనరీ కావాలి. ఇంగ్లీషు తల్లిభాష కానివాళ్ల కోసమే తయారయ్యే రకమది. ఎ. ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ, అక్కడి విద్యార్థులకు ఏం కావాలో చూసి, ఇద్దరు సహచరులతో కలిసి చేసిన డిక్షనరీ 1942లో టోక్యోలో వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దాన్ని 1948లో మళ్లీ అచ్చువేశారు. అది ఇప్పటికీ కొత్త ఎడిషన్లతో వస్తూనే ఉంది. ఏ నౌన్ లెక్కకు వస్తుందో రాదో, ఏ వెర్బ్ పక్కన ఏం రావాలో అందులో చూపిస్తారు, ప్రతి అర్థానికీ వాక్యం ఇస్తారు. నాకు అన్నిటికన్నా ముఖ్యం ఆ వాక్యాలే. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ లెర్నర్స్ డిక్షనరీలు నెట్‌లో ఉచితంగానే చూడొచ్చు, నొక్కితే పలికి వినిపిస్తాయి కూడా. పుస్తకమే కావాలంటే అవెన్యూ రోడ్డులో సెకండ్ హ్యాండ్ పుస్తకాల షాపులు తిరగండి. పాత ఎడిషన్ అయినా ఈ పనికి ఏ లోటూ ఉండదు.

చూసింది చూసినట్టు వదిలేస్తే నిలవదు, నోట్‌బుక్‌లో ఒక పేజీ ఒక జతకు ఇవ్వండి. మధ్యలో నిలువుగా గీత. మా దగ్గరికొచ్చే అమ్మాయి ఒకామె అడ్వైస్ పేజీ ఇలా ఉంది. ఎడమవైపు పైన అడ్వైస్ అని రాసి సి కింద రెండు గీతలు గీసింది. దాని కింద నౌన్, లెక్క లేదు, పక్కన ఆన్ లేదా అబౌట్. తర్వాత తన వాక్యం: మై అక్క గేవ్ మి గుడ్ అడ్వైస్ అబౌట్ సేవింగ్స్. కుడివైపు అడ్వైజ్, ఎస్ కింద రెండు గీతలు. వెర్బ్, పక్కన మనిషి, ఆ తర్వాత టు. వాక్యం: మై అక్క అడ్వైజ్డ్ మి టు ఓపెన్ ఎ రికరింగ్ డిపాజిట్. రెండు వాక్యాల్లోనూ ఒకే అక్క, ఒకే సంగతి. ఇలా ఒకే విషయాన్ని రెండు మాటలతోనూ రాయడం చాలా అవసరం, అప్పుడు మారేది ఏమిటో కంటికి కనబడుతుంది. తెలుగు అర్థం ఆమె పేజీ అడుగున రాసుకుంది. వాక్యాలు మాత్రం మీ జీవితంలోవే రాయండి, డిక్షనరీ వాక్యాన్ని ఎక్కించి ఊరుకోకండి.

పేజీ నిండాక ఆ వారంలో మీరు పంపిన మెయిల్స్ తెరిచి, ఆ రెండు మాటల కోసం సెర్చ్ చేయండి. దొరికిన ప్రతి చోటా మనీ, టెల్ పెట్టి చూడండి.

మొదలుపెట్టడానికి కొన్ని జతలు చెబుతాను. లాస్, లూజ్ తీసుకోండి, అందులోనే లూస్ అనే అడ్జెక్టివ్‌ని కూడా కలిపి మూడు నిలువు వరసలు గీయండి. సక్సెస్, సక్సీడ్ చూడండి, సక్సీడ్ పక్కన ఇన్ ఎందుకు వస్తుందో వాక్యాల్లో వెతకండి. బారో, లెండ్ రెండూ వెర్బులే కాబట్టి ఫ్రమ్, టు ల దగ్గర తేలుతుంది. ఎకనామిక్, ఎకనామికల్ రెండూ అడ్జెక్టివ్‌లు. వాటిని కాస్త ఆలస్యంగా పట్టుకోండి, వాటి తేడా పక్కనొచ్చే నౌన్‌లో ఉంది: ఒకదాని పక్కన పాలసీ, క్రైసిస్ లాంటివి వస్తాయి, రెండోదాని పక్కన కారు, స్టవ్ లాంటివి.